ఆఫీసు ఫోన్: పాత ల్యాండ్‌లైనా, సిప్ లైనా, క్లౌడ్ నంబరా?

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లవాళ్లు, రాణిగంజ్ పంపుసెట్ల షాపులవాళ్లు, కూకట్‌పల్లి క్లినిక్‌లవాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న: ఆఫీసుకు ఏ ఫోన్ పెట్టించుకోవాలి? అందరూ రేటుతోనే మొదలుపెడతారు. నేను మాత్రం నంబర్ దగ్గర మొదలుపెడతాను. బోర్డు మీద, బిల్లు బుక్కు మీద, గూగుల్ మ్యాప్స్‌లో వేసుకునే ఆ నంబర్ ఎవరి పేరు మీద ఉంటుంది, కంపెనీ మారితే మీతో వస్తుందా?

మొబైల్ నంబర్‌కు 2011 జనవరి నుంచి దేశమంతా పోర్టబిలిటీ, అంటే నంబర్ మారకుండా కంపెనీ మారే వీలు, ఉంది. ల్యాండ్‌లైన్‌కు లేదు. అంటే 040 నంబర్ ఎవరి దగ్గర తీసుకుంటే వాళ్లతోనే ఉండాలి, కాబట్టి ఆ కంపెనీని చూసి ఎంచుకోండి. అయినా లైన్ మీ ఫర్మ్ పేరు మీద ఉంటుంది, బిల్లు కట్టినంతకాలం నంబర్ మీదే. క్లౌడ్ నంబర్ అంటే కాల్స్ ముందు సర్వీసు కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి మీ ఫోన్లకు మళ్లే నంబర్. అందులో ఆ పాటి భరోసా కూడా అన్నిసార్లూ ఉండదు. చాలా ప్లాన్లలో నంబర్ సర్వీసు ఇచ్చేవాళ్ల చేతిలో ఉంటుంది, మీకు వాడుకోవడానికి ఇస్తారంతే. అద్దె షాపుకు సొంత డబ్బుతో ఇంటీరియర్ చేయించుకున్నట్టే ఇది. రెన్యువల్ రోజు రేటు పెంచితే, కస్టమర్లందరి దగ్గరా అదే నంబర్ ఉంది కదా అని కట్టాల్సి వస్తుంది. అందుకే సంతకం పెట్టే ముందు, మానేస్తే నంబర్ మాకిస్తారా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక పాత రాగి తీగ లైన్. దానికి కరెంటు ఎక్స్‌ఛేంజ్ నుంచే వస్తుంది కాబట్టి ఆఫీసులో కరెంటు పోయినా మామూలు ఫోన్ మోగుతుంది. ఆ ధైర్యంతోనే ల్యాండ్‌లైన్ ఉంచుకున్నామనేవాళ్లు ఒకసారి తీగ ఏదో చూసుకోవాలి. ఇప్పుడు ల్యాండ్‌లైన్ పేరుతో ఇచ్చేది ఎక్కువగా ఫైబర్ మీదే. మోడెమ్‌కు యూపీఎస్ లేకపోతే కరెంటుతోపాటే ఫోనూ పోతుంది.

సిప్ లైన్ అంటే టెలికాం కంపెనీ ఇంటర్నెట్ పద్ధతిలో ఇచ్చే లైన్. ఒక్కో కాల్‌కు రెండు వైపులా దాదాపు 100 కేబీపీఎస్ చాలు, పది కాల్స్ ఒకేసారి నడిచినా 1 ఎంబీపీఎస్ దాటదు. మాట తెగిపోవడానికి స్పీడ్ తక్కువ కావడం అరుదు, అదే కనెక్షన్ మీద సీసీ కెమెరాలు, పెద్ద ఫైళ్ల అప్‌లోడ్‌లు నడుస్తుంటేనే గొడవ. రౌటర్‌లో వాయిస్‌కు మొదటి ప్రాధాన్యం పెట్టించండి. అసలు భయం కేబుల్ తెగడం. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో జరిగిన కరెంటు షాక్ ప్రమాదం తర్వాత కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తీసేసినప్పుడు నగరంలో ఎన్నో చోట్ల నెట్ పోయింది. అందుకే లైన్ పడిపోతే కాల్స్ మొబైల్‌కు మళ్లేలా కంపెనీ వైపే ముందే సెట్ చేయించుకోవాలి.

క్లౌడ్‌కు ఇక్కడే నిజమైన బలం ఉంది. మన హైదరాబాద్ ఓజోన్‌టెల్ కావచ్చు, బెంగళూరు ఎక్సోటెల్ కావచ్చు, కాల్‌ను మీ స్టాఫ్ మామూలు మొబైల్‌కు పంపగలవు కాబట్టి ఆఫీసులో నెట్ లేకపోయినా మోగుతుంది. మిస్డ్ కాల్స్ లెక్క, రికార్డింగ్, ఐవీఆర్ (ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే ఆటోమేటిక్ గొంతు) కూడా ఉంటాయి. అడ్మిషన్ల సీజన్‌లో ఎన్ని ఫోన్లు ఎత్తలేదో తెలియాల్సిన కోచింగ్ సెంటర్‌కు అది చాలా విలువైన సంగతి. కాకపోతే మీ మొబైల్‌కు మళ్లించిన కాల్‌కు నిమిషాల లెక్కన చార్జీ పడుతుంది, ఇన్‌కమింగ్ ఎక్కువైతే బిల్లూ పెరుగుతుంది.

పీఆర్ఐ అనేది 30 చానళ్ల లైన్, అంటే ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి, పెద్ద ఆఫీసులకు తప్ప అక్కర్లేదు. వాట్సాప్ ఒక్కటే చాలంటారా, ఒక్కరే నడిపే షాపుకు చాలు.

నా ఓటు సిప్ లైన్‌కే, మీ ఫర్మ్ పేరు మీద, నేరుగా టెలికాం కంపెనీ దగ్గర. క్లౌడ్ కావాలంటే దాని వెనకాల పెట్టుకోండి: బోర్డు మీద మీ 040 నంబరే ఉంచి, అక్కడి నుంచి క్లౌడ్ నంబర్‌కు ఫార్వర్డ్ చేయండి. రేపు క్లౌడ్ కంపెనీ మార్చినా ఫార్వర్డింగ్ ఒక్కటే మారుతుంది, కస్టమర్‌కు తెలియను కూడా తెలియదు. ఫార్వర్డ్ అయిన కాల్‌లో కస్టమర్ నంబరే కనిపిస్తోందా లేదా అన్నది మాత్రం డబ్బు కట్టకముందే పరీక్షించుకోండి, కనిపించకపోతే మిస్డ్ కాల్స్ లెక్కకు విలువే ఉండదు.