మ్యూజ్‌స్కోర్‌లో మిడి కీబోర్డుతో స్వరాలు ఎక్కించడం: ఆరేళ్ల వాడకం తర్వాత

ఒంగోలులోని మా చర్చి క్వయర్‌కు నాలుగు గొంతుల స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) రాసిపెట్టే పని నా మీద పడి ఆరేళ్లు దాటింది. అంతకుముందు గీతల కాగితం మీద పెన్సిలుతో రాసి కర్నూలు రోడ్డులో జిరాక్సు తీయించేవాడిని. ఒక్క స్వరం మారినా పేజీ అంతా తిరగరాయవలసి వచ్చేది. ఉచితంగా దొరికే నొటేషన్ సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌ను 2018 డిసెంబరులో వచ్చిన మూడో వెర్షనుతో మొదలుపెట్టి, 2022 డిసెంబరులో నాలుగోది వచ్చాక దానికి మారి, 61 మెట్ల మిడి కీబోర్డుతో (మిడి అంటే వాయించినదాన్ని కంప్యూటరుకు అందించే ప్రమాణం) ఇప్పటికీ వాడుతున్నాను.

వాయిస్తూ పోతే అదే రాసుకుంటుందన్న ఆశతోనే అందరిలాగా నేనూ రియల్ టైమ్ పద్ధతిని ముందుగా పట్టుకున్నాను. అందులో మనం ఎంచుకున్న కాలప్రమాణం చొప్పున స్కోరు ముందుకు సాగుతుంది. మెట్టు నొక్కి ఉంచినంతసేపూ అదే ప్రమాణంలో కొత్త స్వరం చేరి, పాతదానితో టై అవుతుంది, అంటే వంపు గీతతో కలిసి ఒకే స్వరంగా సాగుతుంది. క్వేవర్ (క్రాచెట్‌లో సగం) ఎంచుకుని రెండు క్రాచెట్ల (ఒక్కొక్కటి ఒక లెక్క) పొడవున్న స్వరం వాయిస్తే నాలుగు క్వేవర్లు గొలుసులా వేలాడుతూ కనిపిస్తాయి. తర్వాత టూల్స్ మెనూలో లయను తిరిగి కూర్చే రీగ్రూప్ రిథమ్స్‌తో కొంత సర్దవచ్చు గాని, ఆ సర్దుబాటుకు కూర్చునే సమయంలో పాటంతా చేత్తో ఎక్కించవచ్చు. ట్రిప్లెట్లను (రెండు స్వరాల చోట మూడింటిని) ఈ పద్ధతి అసలు పట్టుకోదు కనుక, తిస్ర గతిలో నడిచే కీర్తనను 4/4లో పెట్టి వాయిస్తే చేతికి చిక్కేది చిందరవందర. దాన్ని 6/8లో గాని 12/8లో గాని మొదలుపెడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. పెడల్‌తో ముందుకు జరుపుకునే పద్ధతి విలంబంగా సాగే పాటలకు పనికివస్తుంది, అయితే చేతులకన్నా కాలు చురుకుగా ఉండాలి. రెండు వారాల్లో వదిలేశాను.

నిలబడింది స్టెప్ టైమ్ పద్ధతి. ఎడమచేయి కంప్యూటరు అంకెల మీద ఉంటుంది: 5 నొక్కితే క్రాచెట్, 4 క్వేవర్, 6 మినిమ్ (రెండు క్రాచెట్లు), 0 విరామం. కుడిచేయి మెట్ల మీద ఉండి ఏ స్వరమో చెబుతుంది. కాలం ఒక చేతిది, స్వరం మరో చేతిది అని వారం రోజులు అలవాటైతే వేగం దానంతటదే వస్తుంది. అయితే నాకు అసలు మేలు చేసింది రీ-పిచ్, అంటే లయను అలాగే ఉంచి స్వరాలను మాత్రమే మార్చే పద్ధతి. క్వయర్ కీర్తనల్లో నాలుగు గొంతులూ ఎక్కువభాగం ఒకే లయలో కదులుతాయి కాబట్టి, సొప్రానో వరసను పూర్తిచేసి దాన్నే ఆల్టో, టెనర్, బాస్ వరసల్లో అతికించి, రీ-పిచ్ పెట్టుకుని ఆయా స్వరాలను వరుసగా వాయిస్తే చాలు, లయ చెక్కుచెదరదు. గంటన్నర పట్టే కీర్తన నలభై నిమిషాల్లో తేలుతోంది. ఈ సౌకర్యం గురించి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదని ఇప్పటికీ ఉక్రోషమే.

మిడి ప్రమాణం 1983 నాటిది. అది పంపేది ఏ మెట్టు, ఎంత బలంగా నొక్కామన్న అంకెలే. స్వరం పేరు అందులో ఉండదు. మిడిల్ సి 60 అయితే 63 డి షార్ప్ కావచ్చు, ఈ ఫ్లాట్ కావచ్చు. మన లెక్కలో షట్శ్రుతి రిషభమూ సాధారణ గాంధారమూ ఒకే మెట్టు మీద కూర్చున్నట్టే. నాట రాగంలోని వరసను సి శ్రుతిలో ఎక్కించినప్పుడు రిషభాన్ని నా కంప్యూటరు ఈ ఫ్లాట్‌గా రాసింది, పక్కనే అంతర గాంధారం ఈ నేచురల్‌గా వచ్చింది. చదివే పిల్లలు తికమకపడ్డారు. స్వరాన్ని ఎంచుకుని జె నొక్కితే పేరు మారుతుంది గనుక పెద్ద నష్టం లేదు, కానీ ఎక్కించిన ప్రతి పేజీని రాగం తెలిసినవాళ్లు ఒకసారి చూడాల్సిందే. గమకాలను బెండ్ చక్రంతో ఎంత వంచి వాయించినా కాగితం మీద వంపు లేని స్వరమే మిగులుతుంది. అక్కడ నేను ప్రింటు మీద పెన్నుతో అల గీత గీస్తున్నాను.

నా పాత కీబోర్డుకు అయిదు పిన్నుల మిడి సాకెట్టే ఉంది. మొదట కొన్న చవక యూఎస్‌బీ కేబులు, మూడు స్వరాలు కలిపి నొక్కితే ఒకటి మింగేది. తప్పు నా వేళ్లదేనని నెల రోజులు సాధన చేశాను. కేబులు మార్చిన రోజే వేళ్లు బాగుపడ్డాయి.