జార్జ్‌టౌన్ గోడబొమ్మలు: నడకా, సైకిలా, రిక్షానా, ఏది మేలు?

మలేసియాలోని పెనాంగ్ దీవికి వెళ్లినవాళ్లు జార్జ్‌టౌన్ గోడబొమ్మల్ని మూడు రకాలుగా చూస్తారు: నడిచి, సైకిలు అద్దెకు తీసుకుని, మూడు చక్రాల రిక్షా ఎక్కి. మోకాళ్లు సహకరిస్తే నడకే మేలు. అయితే మొత్తం నడవక్కర్లేదు. ఎక్కడ నడవాలి, ఎక్కడ బండి ఎక్కాలి అన్నది ఆ బొమ్మలు వేసిన తీరును బట్టి తేలుతుంది.

ఈ బొమ్మల వెనకున్న చిత్రకారుడు ఎర్నెస్ట్ జకారేవిచ్. పుట్టింది లిథువేనియాలో, స్థిరపడింది పెనాంగ్‌లో. జార్జ్‌టౌన్ 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. 2012లో జార్జ్‌టౌన్ ఫెస్టివల్ కోసం ఆయన ఈ పాతబస్తీ గోడల మీద వరసగా బొమ్మలు వేశాడు. గోడకు అప్పటికే ఉన్నవాటిని, దాని ముందు పెట్టగలిగిన వస్తువుల్ని బొమ్మలో కలిపేసుకోవడం ఆయన పద్ధతి. ఆర్మీనియన్ వీధిలో అక్క సైకిలు తొక్కుతుంటే తమ్ముడు వెనక కూర్చుని కేరింతలు కొడుతుంటాడు. పిల్లలు రంగుబొమ్మలే కానీ, సైకిలు మాత్రం గోడకు ఆనించి బిగించిన అసలు సైకిలే. అక్కడికి దగ్గర్లోనే ‘ఆ క్వీ’ అనే వీధిలో రంగుతో వేసిన కుర్రాడు నిజమైన పాత మోటారుసైకిలు మీద కూర్చుంటాడు. కానన్ వీధిలో పిల్లాడు నిజమైన కుర్చీ ఎక్కి పైకి చెయ్యి చాపుతాడు. ముంత్రీ వీధిలో నీలం బట్టల అమ్మాయి రెండు కిటికీల చూరుల మీద చేతులు ఆన్చి పైకి లేస్తుంది. ఆ చూరులు ఆ ఇంటివే.

వస్తువు ఎక్కడ ఆగింది, రంగు ఎక్కడ మొదలైంది అన్నది పట్టుకోవాలంటే రెండడుగులు వెనక్కి వెయ్యాలి, నాలుగడుగులు పక్కకి జరగాలి, మళ్లీ దగ్గరికి రావాలి. బండి మీద నుంచి అది కుదరదు. నడకకు ఓటు వేయడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం దూరాలు. ఆర్మీనియన్, ఆ క్వీ, కానన్ వీధులు మూడూ ఒకదానికొకటి కొద్ది నిమిషాల నడకలో ఉంటాయి. చ్యూ జెట్టీ అనే చెక్క ఇళ్ల వాడ కూడా ఆర్మీనియన్ వీధి నుంచి సముద్రం వైపు అర కిలోమీటరు లోపే. ముంత్రీ వీధి మాత్రం కాస్త దూరం. అన్నీ కలిపి మూడు కిలోమీటర్ల చుట్టు, ఆగుతూ చూస్తే మూడు గంటలు పడుతుంది.

నడిచేవాళ్లు బోల్తా పడేది వేళ దగ్గర. మలేసియా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, పెనాంగేమో ఆ టైమ్ జోన్‌కు బాగా పడమటగా ఉంది. అందుకని అక్కడ తెల్లారేసరికి ఏడు దాటుతుంది. ఏడున్నరకు బయల్దేరితే చల్లగా ఉంటుంది, సైకిలు బొమ్మ దగ్గర క్యూ ఉండదు. పదకొండు దాటాక విశాఖ మే నెల ఎండ తెలిసినవాళ్లకు కూడా ఆ ఉక్కపోత బరువుగానే ఉంటుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి కుండపోత. శని, ఆదివారాల్లోనూ మలేసియా బడి సెలవుల్లోనూ పది తర్వాత ఆర్మీనియన్ వీధిలో మనుషుల తలలే కనిపిస్తాయి.

కాబట్టి చాలామంది చేసేదానికి తిరగేసి చెయ్యాలి. ఫెర్రీ దిగి సముద్రం వైపు నుంచి మొదలుపెట్టడం సహజంగానే అనిపిస్తుంది. కానీ చ్యూ జెట్టీ అంటే సముద్రంలో గుంజల మీద కట్టిన చెక్క ఇళ్లు, అందులో కుటుంబాలు కాపురాలుంటాయి. చూడటానికి వచ్చేవాళ్లకు వాళ్లు పెట్టిన వేళలు ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా. ఏడున్నరకు ముంత్రీ వీధిలో మొదలుపెట్టి, కపితాన్ కెలింగ్ మసీదు వీధి మీదుగా కానన్, ఆర్మీనియన్, ఆ క్వీ వీధులు చూసుకుంటూ తొమ్మిదిన్నరకు జెట్టీకి చేరితే అన్నీ కలిసొస్తాయి. ఫెర్రీ దిగినవాళ్లు ముందు కొమ్తార్ అనే ఎత్తైన భవనం వైపు వెళ్లే ఉచిత బస్సు ఎక్కి, అక్కడి నుంచి కిందికి నడుచుకుంటూ రావచ్చు.

నడకకున్న ఇబ్బంది ఒక్కటే కాదు. ఇళ్ల ముందు వరసగా సాగే వరండాల్ని అక్కడ ఐదడుగుల దారులంటారు. ఎండకూ వానకూ అవే గొడుగు. కానీ ఒక ఇంటి చప్టా ఇంకో ఇంటి చప్టాతో కలవదు, అడుగడుగునా మెట్టు. మోటారుసైకిళ్లు, దుకాణాల సామాను అడ్డం పెట్టి ఉంటాయి. పిల్లల బండి తోసేవాళ్లూ చేతికర్ర పట్టేవాళ్లూ ప్రతి పది గజాలకూ రోడ్డు మీదికి దిగాల్సిందే.

సైకిలు సంగతి. చూలియా, ఆర్మీనియన్ వీధుల దుకాణాల్లో అద్దెకు దొరుకుతుంది. ట్రాఫిక్ మనలాగే ఎడమవైపు నడుస్తుంది కాబట్టి తడబాటు తక్కువ. అయినా ఈ బొమ్మల కోసం సైకిలు అంత లాభం కాదు. రెండు మూడు నిమిషాలు తొక్కగానే దిగాలి, నిలబెట్టాలి, తాళం వెయ్యాలి. చాలా వీధులు వన్‌వే కావడంతో నడిచేవాడు నేరుగా చేరే చోటికి సైకిలు చుట్టు తిరిగి రావాలి. రోడ్డు పక్క మురుగు కాలువలు కొన్నిచోట్ల మూత లేకుండా లోతుగా ఉంటాయి. వెనకొచ్చే కారుకు దారిచ్చే తొందరలో ముందు చక్రం అందులో పడుతుంది. జెట్టీ చెక్కల మీద సైకిలు ఎలాగూ తగదు. హిన్ బస్ డిపో లాంటి కాస్త దూరపు చోట్లను కూడా కలుపుకుంటేనే సైకిలు గిట్టుబాటు. పాత బస్సుల డిపో అది. 2014లో జకారేవిచ్ సొంత ప్రదర్శనతో కళాకేంద్రంగా తెరుచుకుంది.

పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్తే మాత్రం రిక్షాకు తిరుగులేదు. ఇక్కడి రిక్షాలో మనం ముందు కూర్చుంటాం, తొక్కేవాడు వెనక ఉంటాడు. కళ్లముందు అడ్డమేమీ ఉండదు. ఇద్దరు పడతారు. గంటకింత అని ఎక్కేముందే మాట్లాడుకోవాలి. ఆ ధర బండికా మనిషికా అన్నది అప్పుడే తేల్చుకోకపోతే దిగేటప్పుడు పేచీ వస్తుంది. ఏయే బొమ్మల దగ్గర ఆపాలో కూడా ముందే చెప్పాలి. చెప్పకపోతే పేరున్న నాలుగైదు బొమ్మలు చూపించి, ఫోటోకు ఒక్క నిమిషం ఇచ్చి కదిలించేస్తారు. ముంత్రీ అమ్మాయిని రిక్షాలోంచి చూడటం దండగ. బొమ్మ చాలా పెద్దది, గోడ కింద ఆపితే మెడ నొప్పి తప్ప ఏమీ దక్కదు. దిగి అవతలి వైపు వరండాలో నిలబడి చూడాలి.

మా సలహా నడకనూ రిక్షానూ కలపడం. ముంత్రీ వీధి నుంచి మసీదు వీధి దాకా పెద్దవాళ్లు రిక్షాలో రావచ్చు, ఆ తర్వాతి చిన్న వీధులు అందరూ కలిసి నడవచ్చు.

వెళ్లేముందు ఒకటి తెలిసి ఉండాలి: పటంలో ఉన్న బొమ్మలన్నీ గోడల మీద ఉండవు. పాత ఇళ్ల గోడలకు సున్నపు గార. నేలలోంచి పైకెక్కే చెమ్మ దానిలోంచి బయటికి పోతుండాలి. పైన రంగు పొర పడితే ఆ చెమ్మ పొర వెనక చేరి పెచ్చులు లేపుతుంది. ఉప్పుగాలీ ఎండా మిగతా పని చేస్తాయి. చ్యూ జెట్టీలో పడవలోని పిల్లల బొమ్మ అలాగే వెలిసిపోయింది. దాని కోసమే జెట్టీకి వెళ్తే నిరాశ తప్పదు, జెట్టీ కోసం వెళ్లండి. వస్తువులు కలిసిన బొమ్మలకు ఇంకో బెడద ఉంది, జనం వాటిమీద ఎక్కి కూర్చోవడం. వెనక నిలబడి చెయ్యి ఆనించినట్టు నటిస్తే ఫోటో అంతే బాగా వస్తుంది.

జకారేవిచ్ పేరుతో చలామణి అయ్యే బొమ్మలన్నీ ఆయనవి కావు. చూలియా ఘాట్ దగ్గరి సందులో ఊయల ఊగే అన్నాచెల్లెళ్ల బొమ్మ పెనాంగ్ చిత్రకారుడు లూయిస్ గాన్‌ది. అక్కడా ఊయల నిజమైనదే. ఇక ఇనుప కడ్డీల్ని వంచి చేసిన 52 వ్యంగ్య చిత్రాలు వేరే ప్రాజెక్టు. ఏ వీధిలో ఏ వృత్తివాళ్లు బతికారో అవి చెబుతాయి. ముంత్రీ వీధిలో ఒకటి, చెప్పుల డిజైనర్ జిమ్మీ చూ పని నేర్చుకున్న చోటును చూపిస్తుంది. నీలం అమ్మాయి కోసం ఎలాగూ ఆ వీధికి వెళ్తారు కాబట్టి తల పైకెత్తి వెతకండి, కడ్డీ బొమ్మలు చాలావరకు కంటి ఎత్తు కంటే పైనే ఉంటాయి.