టకోమాలో థ్రాటిల్ కంట్రోలర్ చాన్నాళ్లు వాడాక: డబ్బు పెట్టొచ్చా?

థ్రాటిల్ కంట్రోలర్ అంటే యాక్సిలరేటర్ పెడల్ కొంచెం నొక్కినా బండి చురుగ్గా కదిలేలా చేసే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా. ముందే చెప్పేస్తున్నా, ఈ డబ్బా పెడితే ట్రక్కుకి ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. వీడియోల్లో స్టీరింగ్ పట్టుకుని "అబ్బా, బండే మారిపోయింది" అనేవాళ్లు అబద్ధమాడుతున్నారని మాత్రం అనను, మొదటి రోజు నాకూ సరిగ్గా అలాగే అనిపించింది. కాకపోతే అలా అనిపించడం వేరు, నిజంగా జరిగేది వేరు, ఆ తేడా తెలియాలంటే బండిని రకరకాల పనులకు వాడాలి. నేను ఆఫీసుకి వాడాను, ట్రెయిలర్ లాగాను, కొలరాడో కొండలెక్కించాను, వినాయక చవితికి విగ్రహం కూడా మోయించాను.

నాది 2019 టయోటా టకోమా పికప్ ట్రక్కు, టీఆర్‌డీ ఆఫ్‌రోడ్ మోడల్, 3.5 లీటర్ల వీ6, ఆరు గేర్ల ఆటోమేటిక్. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. కంట్రోలర్ కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే మార్కెట్లో ఉన్నవన్నీ దాదాపు ఒకే పని చేస్తాయి, ధరలు 200 నుంచి 300 డాలర్ల చుట్టూ తిరుగుతుంటాయి, ఎకో, సిటీ, స్పోర్ట్ అని మోడ్‌లు, ఒక్కో మోడ్‌లో మళ్లీ పెంచుకోడానికీ తగ్గించుకోడానికీ లెవెల్స్, కొన్నింటికి ఫోన్ యాప్. అంతే.

ఈ ట్రక్కు వాళ్లు ఇలాంటివి ఎందుకు కొంటారో తెలియాలంటే ఇంజిన్ గురించి కొంచెం చెప్పాలి. 278 హార్స్‌పవర్ అని కాగితం మీద ఉంటుంది, కానీ అది 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర. టార్క్, అంటే లాగే బలం, 265 పౌండ్-ఫీట్, అది 4,600 దగ్గర. మనం ఊళ్లో తిరిగేది 1,500, 2,000 మధ్య. పైగా లోడ్ తక్కువున్నప్పుడు పెట్రోలు ఆదా కోసం ఇంజిన్ ఆట్కిన్‌సన్ పద్ధతిలోకి వెళ్తుంది, అంటే ఇన్‌టేక్ వాల్వులు ఆలస్యంగా మూసుకుంటాయి, లోపలికి వచ్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది. గేర్‌బాక్స్ కూడా వీలైనంత త్వరగా పై గేర్‌లోకి వెళ్లి కూర్చోవాలని చూస్తుంది. మనం పెడల్ నొక్కితే థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు) తెరుచుకోవాలి, గేర్‌బాక్స్ ఒకటో రెండో గేర్లు దిగాలి, ఆర్‌పీఎం పైకి రావాలి, అప్పుడు బండి కదులుతుంది. దీన్ని లోపం అనను, మైలేజీ కోసం, ఎమిషన్ల కోసం అలా కుదిర్చారు. కానీ పాత కేబుల్ థ్రాటిల్ బళ్లు నడిపి వచ్చిన కాలికి మాత్రం "నొక్కుతున్నా కదా, ఏమైంది?" అనిపిస్తుంది.

ఇప్పుడు డబ్బా సంగతి. పెడల్ పైన సెన్సర్ ఉంటుంది, దాని కనెక్టర్ ఊడదీసి మధ్యలో దీన్ని పెట్టడమే. పెడల్‌కీ ఇంజిన్ కంప్యూటర్‌కీ నడుమ కూర్చుని, మన కాలు ఇచ్చిన వోల్టేజీని పెంచి (ఎకోలో అయితే తగ్గించి) అవతలికి చెబుతుంది. కుళాయి పిడి నాలుగు చుట్లు తిప్పితే పూర్తిగా తెరుచుకునేది ఇప్పుడు ఒక్క చుట్టుకే తెరుచుకుంటుంది అనుకోండి, ట్యాంకులో నీళ్లూ అవే, పైపు లావూ అదే.

దీని మీద నమ్మకం కలగాలంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టి, ఎంత నొక్కినా మూడో వంతు దాటి దిగకుండా చేశాను. ఓబీడీ పోర్టుకి (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే సాకెట్) బ్లూటూత్ అడాప్టర్ పెట్టి యాప్‌లో యాక్సిలరేటర్ శాతం చూస్తే, డబ్బా ఆఫ్‌లో ఉన్నప్పుడు మూడో వంతు దగ్గరే చూపించింది, స్పోర్ట్‌లో పెట్టి మళ్లీ అదే చెక్కముక్క దాకా నొక్కితే సగం దాటిపోయింది. చెక్కముక్క తీసేసి నేల దాకా నొక్కితే రెండింట్లోనూ ఒకటే అంకె. అమ్మేవాళ్లు చూపించే గ్రాఫుల్లో ఈ చివరి కొస మీద ఎవరూ వేలు పెట్టరు.

దీన్ని బట్టి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ రాదో మీరే ఊహించొచ్చు, నేను మాత్రం బండి నడిపే తెలుసుకున్నాను.

ఊళ్లో బాగుంటుంది. ఫ్రిస్కోలో సిగ్నల్స్ మధ్య 45 మైళ్ల వేగంతో పోయే వెడల్పు రోడ్లు, ఎదురు ట్రాఫిక్‌లో సందు చూసుకుని లెఫ్ట్ తీసుకోవాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. అక్కడ కాలు పెట్టగానే బండి లేచినట్టు ఉంటుంది, ఆ క్షణం సేపటి టెన్షన్ తగ్గుతుంది. రోజువారీ ఆఫీసు డ్రైవింగ్‌కి సిటీ మోడ్‌లో కింది లెవెల్ హాయిగా ఉంది, ఇప్పటికీ అదే పెట్టుకుంటాను. స్పోర్ట్, దాని పైన ఉండే ఇంకో మోడ్ అయితే షో కోసమే. పార్కింగ్ లాట్‌లో పెడల్‌ని ఇలా తాకితే అలా ఎగురుతుంది, పక్కన కూర్చున్నవాళ్ల తలలు ఊగుతాయి. మా ఆవిడ ఒకసారి స్పోర్ట్‌లో వదిలేసిన బండిని తెలియక తీసి, ఇంటికొచ్చాక "ఈ బండికి పిచ్చెక్కిందా?" అని తాళాలు బల్ల మీద పడేసింది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే బండి అయితే ఇది చిన్న విషయం కాదు, ఒక్కొక్కరి కాలు ఒక్కోలా ఉంటుంది మరి.

హైవేకి వచ్చేసరికి సగం డబ్బు దండగ. ర్యాంప్ ఎక్కి 75 మైళ్లతో పోయే ట్రాఫిక్‌లో కలవాలంటే ఎవరైనా పెడల్‌ని చివరి దాకానే నొక్కుతారు, అక్కడ డబ్బాకి చేయడానికి పనేమీ లేదు. క్రూజ్ కంట్రోల్ వేశారంటే ఇక పూర్తిగా సున్నా, ఎందుకంటే క్రూజ్‌లో కంప్యూటర్ పెడల్ సిగ్నల్ వైపు చూడదు. డాలస్ నుంచి హ్యూస్టన్ పోయేటప్పుడు ఐ-45 మీద అది ఉందో లేదో కూడా గుర్తుండదు.

కొండల్లో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తులో ఉంది, అక్కడి నుంచి ఐ-70 మీద పడమరకి పోతే ఐసెన్‌హోవర్ టన్నెల్ దగ్గర 11,000 అడుగులు దాటుతాం. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది, అంటే టన్నెల్ దగ్గరికి చేరేసరికి మూడో వంతు దాకా పోయినట్టే. గాలే లేనప్పుడు థ్రాటిల్ త్వరగా తెరిస్తే ఏం లాభం? ఆ ఎక్కుడులో నాకు పనికొచ్చింది డబ్బా కాదు, గేర్ లీవర్‌ని ఎస్‌లోకి లాగి నాలుగో గేర్ దాటకుండా పట్టి ఉంచడం. అది ట్రక్కుతో పాటు ఉచితంగా వచ్చింది.

ఇక పికప్ ట్రక్కుని పికప్ ట్రక్కులా వాడే పనులున్నాయే, వాటిలో ఈ పదును అడ్డమే. ట్రెయిలర్ తగిలించి ఇంటి ముందు డ్రైవ్‌వేలోకి రివర్స్ చేసేటప్పుడు కావాల్సింది అంగుళం అంగుళం కదలిక, కంపెనీ ఇచ్చిన మెత్తటి పెడల్ అక్కడ వరం. మా కాలనీ వాళ్లం చవితికి విగ్రహాన్ని నా ట్రక్కు బెడ్‌లోనే ఎక్కిస్తాం. పట్టీలు ఎంత బిగించినా, వెనక ఇద్దరు పిల్లలు నడుస్తూ "అంకుల్, మెల్లగా" అంటుంటే, స్పోర్ట్ మోడ్‌లో ఎవడు నడుపుతాడు? అప్పుడు డబ్బాని ఎకోలో పెట్టాను. ఎకో అంటే కంపెనీ పెడల్ కన్నా ఇంకా మొద్దు. నిజం చెప్పాలంటే ఈ డబ్బాలో నాకు బాగా నచ్చిన మోడ్ అదే! ఫోర్-లోలో (నాలుగు చక్రాలూ లాగుతూ మెల్లగా పోయే గేర్) రాళ్ల మీద నడిపేటప్పుడు బండి ఎగిరితే కాలూ ఎగురుతుంది, పెడల్ పదునుగా ఉంటే ఆ ఎగురుడు ఇంజిన్‌కి చేరి బండి ఇంకా గెంతుతుంది. ఎకోలో ఆ బాధ ఉండదు. మంచులోనూ అంతే. ఖాళీ బెడ్‌తో వెనక బరువు ఉండదు కదా, తడి రోడ్డు మీద గ్రీన్ సిగ్నల్ పడగానే స్పోర్ట్‌లో కాలు వేస్తే, టూ-వీల్ డ్రైవ్‌లో వెనక టైర్లు తిరిగి ట్రాక్షన్ లైట్ మెరుస్తుంది. అయితే ఎకో కోసం 200 డాలర్లు పెట్టమని ఎవరికీ చెప్పలేను, కొంచెం మెల్లగా నొక్కడం అందరికీ చేతనవుతుంది.

మైలేజీ గురించి చాలామంది అడుగుతారు. డబ్బా వల్ల తగ్గదు, పెరగదు. సరదా పుట్టి ప్రతి సిగ్నల్ దగ్గరా ఉరికిస్తే తగ్గుతుంది, అది కాలి పుణ్యం. ఎకో మోడ్ వల్ల పెట్రోలు ఆదా అని అట్ట మీద రాసేవాళ్లదీ ఇదే లెక్క.

ఒక ఇబ్బంది మాత్రం వివరంగా చెప్పాలి. పెడల్ సెన్సర్‌లో ఒకటి కాదు, రెండు సిగ్నల్స్ ఉంటాయి, కంప్యూటర్ ఆ రెండింటినీ ఎప్పుడూ పోల్చి చూసుకుంటుంది. ఒకటి పాడైతే బండి తనంతట తాను ఉరకకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. డబ్బా రెండింటినీ సమానంగా మార్చి పంపాలి. నా దాని కనెక్టర్ లాక్ నాసిరకం, కొన్ని నెలలకి వదులైంది. టోల్‌వే మీద ఉండగా చెక్ ఇంజిన్ లైటు వెలిగి, పెడల్ నొక్కినా బండి పాకడం మొదలుపెట్టింది. పక్కకి తీసి స్కాన్ చేస్తే పీ2138, అంటే రెండు పెడల్ సిగ్నల్స్‌కి పొంతన కుదరలేదని. డబ్బా పీకేసి పాత కనెక్టర్ తిరిగి పెట్టి కోడ్ చెరిపితే మామూలైంది. అమ్మినవాళ్లు కొత్త వైరు పంపారు గానీ నాలుగు మెయిళ్లు రాయించుకున్నాకే. కంప్యూటర్ తన పని తాను సరిగ్గా చేసింది, కానీ చుట్టూ లారీలు పోతుంటే ఆ మాట గుర్తుకు రాదు. మీరు కొంటే కనెక్టర్ టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కండి, వైరుని పెడల్ కదిలే దారిలో వేలాడనివ్వకండి, ఇగ్నిషన్ ఆపి తాళం దూరంగా పెట్టి కాసేపు ఆగాకే కనెక్టర్ ముట్టుకోండి. ఓబీడీకి కూడా కలిసి, రివర్స్ గేర్ వేయగానే తనే పక్కకి తప్పుకునే రకాలూ ఉన్నాయి, ట్రెయిలర్ వాడేవాళ్లు కొంటే అలాంటిదే కొనాలి.

వారంటీ భయం కొంచెం ఎక్కువగానే పెట్టుకుంటారు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది, బయటి పార్టు పెట్టావు కాబట్టి మొత్తం వారంటీ రద్దు అనడానికి వీల్లేదు, ఆ పార్టు వల్లే చెడిందని వాళ్లు చూపాలి. అయినా సర్వీసుకి ఇచ్చే ముందు నేను పీకేస్తాను, పది నిమిషాల పని, అనవసరమైన మాటలెందుకు.

కొనే ముందు ఖర్చు లేని పని ఒకటి చేయండి. డ్యాష్ మీద ఈసీటీ పవర్ అని బటన్ ఉంటుంది, ఆటోమేటిక్ టకోమా ఉన్నవాళ్లలో సగం మంది దాన్ని ఒక్కసారీ నొక్కి ఉండరు. అది గేర్‌బాక్స్‌ని కింది గేర్లలో ఎక్కువ సేపు ఉంచుతుంది. ఓ వారం అది నొక్కి, కాలు కొంచెం లోతుగా వేసి నడపండి. చాలామందికి అక్కడితో తీరిపోతుంది. ఎందుకంటే ఈ ట్రక్కులో ఆలస్యం ఎక్కువ భాగం గేర్లు దిగడంలో ఉంది, డబ్బా దాన్ని ముట్టుకోలేదు, కంప్యూటర్‌కి కాస్త ముందుగా కేక వేస్తుందంతే. అదీ చాలకపోతే ఈసీయూ ట్యూన్, అంటే ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్‌నే మార్చడం, అది గేర్లు మారే షిఫ్ట్ పాయింట్లని కూడా మారుస్తుంది, ఖర్చు ఎక్కువ, వారంటీ గొడవా ఎక్కువ, కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు కార్బ్ (ఆ రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ బోర్డు) అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. 33 అంగుళాల టైర్లు వేసి బండి మొద్దుబారిందని డబ్బా కొనేవాళ్లున్నారు, వాళ్లకి కావాల్సింది యాక్సిల్‌లో గేర్లు మార్చడం, 3.91 నిష్పత్తి ఉన్నచోట 4.88 లాంటివి. ఖర్చు వేలల్లో ఉంటుంది, కానీ జబ్బుకి మందు అదే.

విజయవాడలో మా బావమరిదికి ఇసుజు వీ-క్రాస్ ఉంది. బండితో ఇబ్బందేమీ లేదు, ఏదో వీడియో చూసి "బావా, నేనూ పెట్టించనా?" అని ఫోన్ చేశాడు. అది 1.9 లీటర్ల టర్బో డీజిల్, 360 న్యూటన్-మీటర్ల టార్క్ 2,000, 2,500 ఆర్‌పీఎం మధ్య వస్తుంది. టర్బో తిరిగి గాలి నింపేదాకా ఏ డీజిల్ అయినా ఆగాల్సిందే, పెడల్ దగ్గర వోల్టేజీ పెంచితే టర్బో తొందరపడదు. వద్దన్నాను. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో, ముందు ఆటో వెనక స్కూటరు, పదును పెడల్‌తో ఏం చేస్తాడు?

మరి నేనెందుకు ఇంకా ఉంచుకున్నానంటే, అలవాటు. కాలు దానికి అలవాటు పడిపోయింది, ఆఫ్ చేస్తే కంపెనీ పెడల్ నిజంగా ఉన్నదాని కన్నా మొద్దుగా అనిపిస్తుంది, అదొక మాయ. సెకండ్ హ్యాండ్‌లో వంద డాలర్ల లోపు, మీ మోడల్ కనెక్టర్‌కి సరిపోయేది దొరికితే, రోజూ ఊళ్లోనే తిరిగేవాళ్లైతే తీసుకోండి, కొత్తది పూర్తి ధరకి మాత్రం వద్దు. 2024 నుంచి వస్తున్న టకోమాలో 2.4 టర్బో, ఎనిమిది గేర్లు, చాలా ట్రిమ్‌లలో స్పోర్ట్, ఎకో మోడ్‌లు కంపెనీ నుంచే ఉన్నాయి. నేను బండి మారిస్తే దీన్ని పాత ట్రక్కుతోనే ఇచ్చేస్తాను, కొన్నవాళ్లకి ఎకో మోడ్ ఎక్కడుందో చూపించి.