ఓపెన్‌స్కాప్: గుడ్డ ఉచితం, కుట్టుకూలి మనది

బెంగళూరు ఫిన్‌టెక్ కంపెనీల్లో సర్వర్లు చూసే మనవాళ్లకు ఆడిట్ నెల అంటే ఎక్సెల్ షీట్లు, స్క్రీన్‌షాట్లు, అవుటర్ రింగ్ రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆఫీసు. ఈ చాకిరీలో లినక్స్ వాటాను ఓపెన్‌స్కాప్, అంటే సర్వర్ సెట్టింగ్‌లు భద్రతా నియమాలకు సరిపోతున్నాయో లేదో చూసే స్కానర్, చాలావరకు తగ్గిస్తుంది. లైసెన్సుకు రూపాయి కట్టక్కర్లేదు గానీ, మన సర్వర్లకు సరిపోయేలా దాన్ని కత్తిరించుకోవడానికి ఓపిక కావాలి.

రెడ్‌హ్యాట్ లినక్స్ 9లో స్కానర్ ప్యాకేజీ ఒకటి, రూల్స్ ఉండే స్కాప్ సెక్యూరిటీ గైడ్ ఒకటి వేస్తే సరిపోతుంది. సీఐఎస్ (సర్వర్ భద్రతా ప్రమాణం), పీసీఐ డీఎస్‌ఎస్ (కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం), స్టిగ్ (అమెరికా రక్షణ శాఖ ప్రమాణం) ప్రొఫైళ్లు, అంటే రూల్స్ కట్టలు, గైడ్‌లోనే ఉంటాయి. ఒక్క కమాండ్‌తో వచ్చే హెచ్‌టీఎంఎల్ రిపోర్ట్ దీని పెద్ద బలం. ఫెయిలైన ప్రతి రూల్ కిందా ఎందుకు ఫెయిలైందో, ఎలా సరిచేయాలో ఉంటుంది. ఆడిటర్‌కు దాన్నే పంపొచ్చు.

స్కాన్‌ను జెంకిన్స్, యాన్సిబుల్ లాంటి ఆటోమేషన్ టూల్‌లో పెట్టగానే తగిలే మొదటి దెబ్బ ఎగ్జిట్ కోడ్, అంటే పని ముగిశాక కమాండ్ ఇచ్చే అంకె. ఒక్క రూల్ ఫెయిలైనా స్కానర్ 2 ఇస్తుంది, దాంతో టాస్క్ అక్కడే ఆగిపోతుంది. 0, 2 రెంటినీ స్కాన్ పూర్తయినట్టే లెక్కించి, 1 వస్తేనే ఎర్రర్‌గా చూడాలి.

రెండో దెబ్బ ఇంతకన్నా ప్రమాదం, ఎందుకంటే చప్పుడు చేయదు. రెడ్‌హ్యాట్‌ను పోలిన ఆల్మా, రాకీ లినక్స్ సర్వర్ల మీద రెడ్‌హ్యాట్ డేటాస్ట్రీమ్ (రూల్స్ ఉండే ఫైల్) నడిపితే ప్లాట్‌ఫాం సరిపోలక రూల్స్ అన్నీ ‘నాట్ అప్లికబుల్’ అవుతాయి. ఫెయిల్ ఒక్కటీ ఉండదు, ఎగ్జిట్ కోడ్ 0, డాష్‌బోర్డ్ పచ్చగా మెరుస్తుంది. చెక్ చేసింది మాత్రం సున్నా! ఆ డిస్ట్రో (లినక్స్ రకం) కోసం కట్టిన డేటాస్ట్రీమే వాడాలి. దాంతో పాటు పాసైన రూల్స్ ఎన్నో లెక్కపెట్టి, ఒక కనీస సంఖ్య కన్నా తగ్గితే పైప్‌లైన్‌ను ఆపేలా షరతు పెట్టుకోవాలి.

అసలు పనంతా టైలరింగ్ ఫైల్‌లో, అంటే ప్రొఫైల్‌ను మనకు తగ్గట్టు మార్చే ఫైల్‌లో ఉంది. పాస్‌వర్డ్ పొడవు పీసీఐ 12 అంటే సీఐఎస్ 14 అంటుంది, ఇక్కడ 14 పెడితే ఇద్దరికీ సరిపోతుంది. అకౌంట్ లాకౌట్ దగ్గర పేచీ వస్తుంది. సీఐఎస్ 5 తప్పుడు ప్రయత్నాలకే లాక్ చేయమంటుంది కానీ 15 నిమిషాలు చాలంటుంది. పీసీఐ 10 ప్రయత్నాల దాకా ఊరుకుంటుంది కానీ కనీసం 30 నిమిషాలు అడుగుతుంది. ఏ ఒక్క ప్రొఫైల్ వాడినా రెండోది తప్పుతుంది కాబట్టి 5 ప్రయత్నాలు, 1800 సెకన్లు అని, ఆ ఫైల్ తయారుచేసే ఆటోటెయిలర్ టూల్‌తో రాసుకోవాలి. ఆ ఫైల్‌ను ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్‌లో ఉంచి, తీసేసిన ప్రతి రూల్‌కూ కమిట్ మెసేజ్‌లో కారణం రాస్తే ఆడిటర్ అడిగే మినహాయింపుల చిట్టా దానంతటదే తయారవుతుంది.

ఫెయిలైన రూల్స్‌ను స్కానరే సరిచేసే రెమీడియేట్ ఆప్షన్‌ను ప్రొడక్షన్‌లో (నిజంగా వాడుకలో ఉన్న సర్వర్లలో) ముట్టుకోవద్దు. దానికి అన్‌డూ లేదు. అది ఐపీ ఫార్వర్డింగ్ (ప్యాకెట్లను ముందుకు పంపడం) ఆపేస్తే కంటైనర్లు నడిపే కుబర్నెటీస్ నోడ్‌లో పాడ్‌ల నెట్‌వర్క్ పడిపోతుంది. టెంప్ డైరెక్టరీకి నోఎగ్జెక్ (అక్కడి ఫైళ్లను నడవనివ్వని షరతు) పెడితే, నేటివ్ లైబ్రరీలను అక్కడ విప్పుకునే జావా అప్లికేషన్లు లేవవు. సీఐఎస్ లెవెల్ 2లో ఇంకో రూల్ ఉంది, ఆడిట్ లాగ్‌కు జాగా అయిపోతే సర్వర్‌నే నిలిపేయమంటుంది. పేమెంట్ సర్వర్ మీద అది పనిచేసే రాత్రి ఎవరి ఫోన్ మోగుతుందో చెప్పక్కర్లేదు. ఫిక్స్‌లను యాన్సిబుల్ ప్లేబుక్‌గా తీసి, చదివి, స్టేజింగ్ (పరీక్ష) సర్వర్లలో, ఏదీ మార్చకుండా చూపే చెక్ మోడ్‌తో మొదలుపెట్టడమే దారి. లాగ్ డైరెక్టరీకి వేరే పార్టిషన్ లాంటివి ఏ స్క్రిప్టూ సరిచేయలేదు. వాటిని ఆటోమేటిక్ ఇన్‌స్టాల్‌కు వాడే కిక్‌స్టార్ట్ ఫైల్‌లోనే, ఇన్‌స్టాల్ రోజే చూసుకోవాలి.

కంటైనర్ లేయర్లతో లక్షల ఫైళ్లున్న సర్వర్లలో, యజమాని లేని ఫైళ్లను వెతికే రూల్ మెమరీని మింగేస్తుంది. ఆ ఫైళ్ల దారులను (పాత్‌లను) పక్కన పెట్టడానికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. వదిలేసిన దారులేవో రిపోర్ట్‌తో పాటు రాసిపెట్టండి.

మన దేశపు నిబంధనల దగ్గర ఈ ప్రొఫైళ్లు చేతులెత్తేస్తాయి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉండాలి. రెడ్‌హ్యాట్‌లో పాత లాగ్‌లను తీసేసే లాగ్‌రొటేట్ డిఫాల్ట్ వారానికొకటి చొప్పున నాలుగు, అంటే దాదాపు నెల రోజులే. సీఐఎస్ స్కాన్‌లో ఈ లోటు కనపడదు. అలాగే గడియారం ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లకు ముడిపడి ఉండాలని ఆదేశం. స్కానర్ ఏదో ఒక సర్వర్ పేరు కనిపిస్తే పాస్ చేస్తుంది. ఈ రెంటికీ చిన్న యాన్సిబుల్ టాస్క్‌లు విడిగా రాసుకోవాల్సిందే.

పది సర్వర్ల దాకా ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా నడిపే స్క్రిప్ట్ హాయిగా సరిపోతుంది. వందల్లోకి వెళ్తే రిపోర్ట్‌లను ఒకచోట పేర్చడానికి ఫోర్‌మ్యాన్ లాంటి సర్వర్ మేనేజ్‌మెంట్ టూల్ కావాలి, దాన్ని నిలబెట్టడమే ఒక ప్రాజెక్ట్. విండోస్ సర్వర్లు, స్విచ్‌లు, ఫైర్‌వాల్‌లు ఎక్కువగా ఉన్న చోట ఓపెన్‌స్కాప్‌తో మొదలుపెట్టకండి.