బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ఐడీ ఎలా పుడుతోందో ముందు చూసుకోండి

ఆరు నెలల క్రితం రెడీమేడ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొని చేతులు కాల్చుకున్నాం. కంపెనీ పేరు చెప్పను, కొనేవాళ్లు మాత్రం ఇది చదివి దిగండి.

డెమోలో బ్రహ్మాండంగా ఉంది. డెమోలో కూర్చునేది ఒక్కడే కదా! మా దగ్గర ఇద్దరు రెండు సిస్టమ్‌ల మీద ఒకేసారి సేవ్ కొట్టారు, ఇద్దరికీ బిల్లు నంబరు 4817 వచ్చింది, ఒకరి సరుకులు ఇంకొకరి బిల్లులో కలిసిపోయి ప్రింటయ్యాయి. అడిగితే "మీ నెట్‌వర్క్ స్లో అండి" అన్నారు. అనుమానమొచ్చి డేటాబేస్ తెరిచి చూస్తే టేబుల్‌కి ప్రైమరీ కీ లేదు, యూనిక్ ఇండెక్స్ కూడా లేదు, అంటే ఒకే నంబరు రెండోసారి పడకుండా ఆపేదేదీ లేదు. కొత్త రికార్డు వచ్చినప్పుడల్లా దాని ఐడీ (గుర్తింపు నంబరు) కోసం ఉన్నవాటిలో పెద్ద నంబరు వెతికి ఒకటి కలుపుతున్నారు, అంతే. ఇద్దరూ ఒకే క్షణంలో వెతికితే ఇద్దరికీ కనిపించేది ఆ 4816 మాత్రమే.

ఇంకో ఘోరం: చివర్లో చేర్చిన కస్టమర్‌ని డిలీట్ చేస్తే తర్వాత వచ్చినాయనకి అదే ఐడీ ఇచ్చి, పాతాయన బాకీ అంతా ఈయన ఖాతాలో చూపించింది. ఆయన మమ్మల్ని మామూలుగా తిట్టలేదు.

గొడవ చేశాక తేదీ, టైము సెకన్లతో సహా కలిపి ఐడీగా పెట్టి "సరిచేశాం" అన్నారు. ఒకే సెకనులో రెండు బిల్లులు పడవా? నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నంబరు తనంతట తానే ఇచ్చే ఏర్పాటు డేటాబేస్‌లలోనే, మైఎస్‌క్యూఎల్‌లో ఆటో ఇంక్రిమెంట్, పోస్ట్‌గ్రెస్‌లో ఐడెంటిటీ కాలమ్, ఒరాకిల్‌లో సీక్వెన్స్ పేరుతో ఉండగా ఈ పని చేత్తో చేయడమెందుకు? అయితే వీటిలో 101 తర్వాత 103 వస్తే కంగారు పడకండి, మధ్యలో రద్దయిన ట్రాన్సాక్షన్ తీసుకున్న నంబరు మళ్లీ వెనక్కి రాదు, అది లోపం కాదు. బిల్లు నంబర్లు తప్పకుండా వరసగా కావాలంటే ఐడీతో ముడిపెట్టకుండా వేరే కాలమ్ అడగండి. మైఎస్‌క్యూఎల్ అయితే వెర్షన్ కూడా అడగండి, 8.0 కంటే పాతదైతే ఇన్నోడీబీ (అందులో మామూలుగా వాడే స్టోరేజ్ ఇంజిన్) టేబుల్‌లో చివరి రికార్డు డిలీట్ చేసి సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఆ నంబరే మళ్లీ ఇచ్చేస్తుంది.

డబ్బు కట్టకముందే రెండు సిస్టమ్‌లు పక్కపక్కన పెట్టి ఒకేసారి సేవ్ కొట్టించండి, చివరి రికార్డు తీసేసి కొత్తది చేర్పించండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

మా డబ్బు ఇంకా తిరిగి రాలేదు. మేమే యూనిక్ ఇండెక్స్ పెట్టబోతే డూప్లికేట్లున్నాయని ఎర్రర్, వెతికితే 63 తేలాయి. పాత ప్రింట్లు ముందేసుకుని ఒక్కోటీ విడదీస్తున్నాం.