600 బ్రెవే: ఎల్బీ నగర్ నుంచి హనుమాన్ జంక్షన్, మళ్లీ వెనక్కి

600 బ్రెవే, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన 600 కిలోమీటర్ల సైకిల్ ప్రయాణం, అనగానే అందరూ కాళ్ల గురించే అడుగుతారు. 400 తొక్కినవాడికి కాళ్లు ఎలాగూ సహకరిస్తాయి. అసలు సంగతి తేలేది ఎక్కడ తిన్నాం, ఎంతసేపు ఆగాం, ఎక్కడ పడుకున్నాం అన్న దగ్గరే. గడువు 40 గంటలు. తిండీ నిద్రా పంక్చర్లూ అన్నీ కలుపుకుని గంటకు 15 కిలోమీటర్లు పడాలి. టిఫిన్ దగ్గర 20 నిమిషాలు ఎక్కువ కూర్చుంటే 5 కిలోమీటర్లు పోయినట్టే. నేను చెప్పే మంచీ చెడ్డా ఈ లెక్కలోనే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది రేసు కాదు, ర్యాంకులుండవు. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నియమాలతో ప్రపంచమంతా జరుగుతుంది, మన దేశంలో ఆడాక్స్ ఇండియా కింద క్లబ్బులు నడుపుతాయి. ఒకే సీజన్లో 200, 300, 400, 600 పూర్తి చేస్తే సూపర్ రాండొన్యూర్ అంటారు. 1891లో మొదలై ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతున్న పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిల్ యాత్రకు వెళ్లాలంటే ఆ నాలుగూ కావాలి. వచ్చేది 2027లో. దారిలో మనవాళ్ల కారు వెంట రాకూడదు. ఏం కావాలన్నా రోడ్డు పక్కన కొనుక్కోవడమే.

శనివారం పొద్దున 6కి ఎల్బీ నగర్‌లో మొదలు. చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ మీదుగా విజయవాడ, అక్కణ్ణుంచి గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్. తిరుగు ప్రయాణం అదే దారిలో. ఈ రూటు పోయేటప్పుడు ముద్దు చేసి, వచ్చేటప్పుడు వడ్డీతో వసూలు చేస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంటే విజయవాడ 20 మీటర్ల దగ్గరుంది. దిగేటప్పుడు తెలియని వాలు, మర్నాడు ఎక్కేటప్పుడు ప్రతి ఫ్లైఓవర్ దగ్గరా గుర్తొస్తుంది. డిసెంబర్ కాబట్టి గాలి తూర్పు నుంచి వీచి, పోయేటప్పుడు ఎదురై వచ్చేటప్పుడు వీపు తట్టింది. లేకపోతే నా పని అయిపోయేది.

రోడ్డు మొత్తమ్మీద బాగుంది. నల్గొండ, సూర్యాపేట జిల్లాల్లో సర్వీసు రోడ్లు నమ్ముకోకండి. కోతలైపోయి సగం రోడ్డంతా వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచున బండరాళ్లు పెడతారు. పగలైతే తప్పుకోవచ్చు, రాత్రిళ్లు ఆ రాయి లైటులో పడేలోపే చక్రం కిందకొస్తుంది. హైవే అంచున ఇంకో బాధ, పేలిపోయిన లారీ టైర్ల తీగలు. నా వెనక టైరులో దిగినది వెంట్రుకంత సన్నం. ట్యూబ్ మార్చి, టైరు లోపల వేలితో రెండుసార్లు తడిమినా తగల్లేదు. టైరును తిరగేసి వెలుతురుకు పట్టి చూస్తే మెరిసింది, గోళ్లతోనే లాగాను. దారిపొడుగునా పంక్చర్ షాపులున్నాయి గానీ, మన సన్న వాల్వుకు వాళ్ల గొట్టం పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే ఎక్కడైనా నిమిషంలో గాలి నిండుతుంది.

తిండి విషయానికొస్తే, సూర్యాపేట దగ్గర ఏసీ హోటళ్లకు సైకిల్ వాళ్లు పోవద్దనే చెప్తాను. రుచి బాగానే ఉంటుంది, కానీ బస్సులన్నీ అక్కడే ఆగుతాయి. టోకెన్‌కు ఒక క్యూ, దోసెకు ఇంకో క్యూ. పైగా సైకిల్ ఎక్కడో పార్కింగ్‌లో వదిలి, తింటున్నంతసేపూ మెడ తిప్పుకుంటూ కూర్చోవాలి. నకిరేకల్ దాటాక ఒక ఇడ్లీ బండి దొరికింది. నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, సైకిల్ మోకాలికి ఆనించుకునే తినేశాను. బండి అమ్మ నా రిఫ్లెక్టివ్ జాకెట్‌ను పైకీ కిందికీ చూసి, "ఏం బిడ్డా, పెట్రోల్ పిరమైందని సైకిలెక్కినవా?" అంది. బెజవాడ దాకా అని చెప్తే నవ్వి ఇంకో ఇడ్లీ వేసింది, దానికి డబ్బులు తీసుకోలేదు. మధ్యాహ్నం కోదాడలో పెరుగన్నం. ఎండలో బిర్యానీ జోలికి పోకండి.

బాత్రూమ్‌కు, నీళ్లకు పెట్రోల్ బంకుల్ని మించినవి లేవు. రాత్రిపూట సీసీ కెమెరా కింద పది నిమిషాలు కునుకు తీయడానికి కూడా అవే నయం.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ దీపాలు కనబడేసరికి బాగా పొద్దుపోయింది. 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కితే ఒక పక్క కొండ, ఇంకో పక్క కృష్ణ. రోజంతటిలో ఫొటోకు ఆగింది అక్కడొక్కచోటే. కింద ఊళ్లో పునుగులు, అల్లం చట్నీ. చెయ్యి కడుక్కునేంతసేపే ఆగాం.

వెనక్కి తిరిగే చోటు హనుమాన్ జంక్షన్, అదొక కంట్రోల్, అంటే అక్కడిదాకా వచ్చామని రుజువు తీసుకోవాల్సిన చోటు. అక్కడ స్టాంపు వేసే మనిషి ఉండడు, ఏటీఎం స్లిప్పే సాక్ష్యం. ఏటీఎంలో కాగితం అయిపోయింది. పక్కదాని షట్టర్ దించి ఉంది. నాతో వస్తున్న గుంటూరు అన్న మాత్రం తొణకలేదు. "బంకుకు పద తమ్ముడూ, నీళ్ల సీసా కొంటే బిల్లిస్తాడు, దాని మీద టైముంటది" అన్నాడు. ఆ బిల్లే చెల్లింది. ఆంజనేయస్వామికి రోడ్డు మీంచే దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగాం.

పడక విజయవాడలో. ఆన్‌లైన్లో బుక్ చేసిన హోటల్ వాళ్లు సైకిళ్లు పైకి రావు, సెల్లార్‌లో పెట్టమన్నారు. సెల్లార్‌కు గేటు లేదు, కాపలా లేదు. డబ్బులు పోతే పోయాయని బస్టాండ్ దగ్గర పాత లాడ్జికి వెళ్లాం. ఇద్దరికీ కలిపి తొమ్మిది వందలు, గోడకు పెచ్చులు, ఫ్యానుకు చప్పుడు. వేడినీళ్లు పొద్దున ఐదు తర్వాతేనట, మేం లేచి పోవాల్సిందే అయిదింటికి. అయినా లాడ్జి కుర్రాడు సైకిళ్లను తనే లిఫ్టులో నిలువుగా నిలబెట్టి గది దాకా తెచ్చాడు, నాలుగున్నరకు తలుపు కొట్టి లేపాడు. నా మార్కులు ఈ లాడ్జికే. మూడు గంటల నిద్రకు మెత్తటి పరుపు దండగ.

ఆదివారం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఎక్కడమే. చిల్లకల్లు దగ్గర మజ్జిగ, సూర్యాపేట శివార్లలో అరటిపళ్లు, చిట్యాల నుంచి మోకాలు మూలగడం. చౌటుప్పల్ తర్వాత ఆదివారం రాత్రి ఊళ్ల నుంచి సిటీకి తిరిగొచ్చే కార్ల వరస చూస్తే భయమేస్తుంది. రెండు టెయిల్ లైట్లు ఉండాల్సిందే, ఒకటి వెలుగుతూనే ఉండేలా, ఇంకోటి మిణుకుమంటూ. గడువుకు ముప్పావు గంట ముందు, కంట్రోళ్ల వివరాలుండే కార్డు నిర్వాహకులకు ఇచ్చేశాం.

ఈ రూటుకు నవంబర్ చివర, డిసెంబర్ మంచి కాలం. సంక్రాంతి వారంలో మాత్రం పెట్టుకోకండి, టోల్‌గేట్ల దగ్గర సైకిల్‌కు కూడా సందు దొరకదు.