కొండమీది గదికి ఏది మేలు: రాకెట్ మాస్ హీటరా, ఇనప పొయ్యా?

విశాఖలో జనవరి రాత్రి కూడా 17, 18 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఇక్కడి ఫ్లాటుకు హీటర్ దండగ. కానీ అరకు, లంబసింగి వైపు కాస్త జాగా కొని చిన్న గది వేసుకున్న విశాఖవాళ్లు చాలామందే ఉన్నారు. డిసెంబరులో అక్కడ దుప్పట్లు చాలవు. పరిష్కారం కోసం యూట్యూబు తెరిస్తే కనబడేది రాకెట్ మాస్ హీటర్, అంటే పుల్లల మంట వేడిని మట్టి అరుగులో దాచుకునే పొయ్యి.

కుంపటి మాట ముందే తేల్చేద్దాం. తలుపులేసిన గదిలో అది వద్దే వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కరెంటు హీటర్‌కి ఆ భయం లేదు గానీ, 2 కిలోవాట్లది గంటకు 2 యూనిట్లు తింటుంది. కరెంటు పోతే అంతే సంగతులు.

ఇక అసలు పోటీ ఈ రాకెట్ మాస్ హీటర్‌కీ, పొగగొట్టమున్న ఇనప కట్టెల పొయ్యికీ మధ్యే. రాకెట్ పొయ్యి సూత్రాలను 1980లలో అమెరికా ఇంజనీరు లారీ వినియార్‌స్కీ రూపొందిస్తే, మట్టి ఇళ్లు కట్టే ఇయాంటో ఎవాన్స్ దానికి మట్టి అరుగును జోడించారు. పుల్లలు నిలువుగా వేస్తాం. మంట అడ్డంగా ఒక సొరంగంలోకి తిరిగి, వేడి బయటికి పోకుండా కట్టిన నిలువు గొట్టంలోకి దూసుకుపోతుంది. అక్కడి వేడికి పొగ కూడా కాలిపోతుంది. పైన బోర్లించిన 200 లీటర్ల డ్రమ్ము గదికి వెంటనే వేడినిస్తుంది. మిగిలిన వేడి అరుగులో పూడ్చిన గొట్టం గుండా పోతూ మట్టిని కాస్తుంది. టన్ను మట్టి 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 యూనిట్ల కరెంటుకు సరిపడా వేడి అందులో దాగుతుంది, తెల్లారేదాకా నెమ్మదిగా బయటికొస్తుంది.

రేకుల గదిలో వేడిగాలి సందుల్లోంచి పోతూనే ఉంటుంది. అరుగు మీద పరుపేసుకుని పడుకుంటే వేడి నేరుగా ఒంటికి తగులుతుంది. నాకు ఇందులో నచ్చింది ఇదే. పైగా దుంగలక్కర్లేదు, కాఫీ తోటలో కత్తిరించి పడేసిన కొమ్మలు ఎండితే చాలు. ఇనప పొయ్యిలోనూ పుల్లలు కాలతాయి గానీ తొందరగా అయిపోతాయి. రాత్రంతా ఉండాలని గాలి తగ్గించి దుంగలు పెడితే పొగగొట్టంలో మసి పేరుకుంటుంది. ఆ మసికి ఎప్పుడో నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది.

అయితే బరువు? రెండు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, మోకాలెత్తు అరుగు 800 కిలోలు తూగుతుంది. ఇళ్ల శ్లాబులను మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన వేస్తారు. కాబట్టి మేడమీద గది, చెక్క కాటేజీ ఉన్నవాళ్లు దీన్ని మరిచిపోవాల్సిందే. నేలమీద, గట్టి పునాదితోనే కట్టాలి.

సామాను దగ్గర చాలామంది బోల్తా పడతారు. లోపలి నిలువు గొట్టానికి ఇనప పైపు పెడితే ఆ వేడికి తినేసుకుపోతుంది. మంటను తట్టుకునే 230×115×75 మిల్లీమీటర్ల ఫైర్ బ్రిక్స్ వాడి, చుట్టూ బంకమట్టిలో కలిపిన పెర్లైట్ (వేడిని ఆపే తేలికపాటి గుల్లరాయి పలుకులు) నింపాలి. విశాఖలో ఎక్కడ చూసినా దొరికే ఫ్లైయాష్ ఇటుక మంటకు పనికిరాదు. డ్రమ్ము మీది పెయింటును ఆరుబయటే కాల్చేయాలి. గది చిన్నదని 4 అంగుళాల గొట్టంతో కడితే అది సరిగా లాగదు, గదిలోకి పొగ తన్నుతుంది. 6 అంగుళాలకు తగ్గొద్దు.

ఇనప పొయ్యికి ఈ తంటాలేవీ లేవు. గాజువాక ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపువాళ్లకు బొమ్మ గీసిస్తే 5 ఎంఎం ప్లేటుతో చేసిస్తారు, కారు డిక్కీలో పడుతుంది.

అందుకే, కొండమీదే కాపురముండే వాళ్లకు, చలికాలమంతా హోమ్‌స్టే నడిపే వాళ్లకు మట్టి అరుగే మేలంటాను. వారాంతానికి వెళ్లొచ్చే వాళ్లకు మాత్రం ఇనప పొయ్యే. వారమంతా చల్లబడిన అరుగు శనివారం రాత్రి మీరు వేసిన వేడిలో ఎక్కువ భాగం తానే మింగేస్తుంది. అది బాగా వెచ్చబడే సరికి మీరు ఘాట్ దిగుతుంటారు.

ఏది పెట్టినా కప్పు ఆస్బెస్టాస్ రేకైతే పొగగొట్టం కోసం దాన్ని కోయకండి, ఆ పీచు ఊపిరితిత్తులకు చేటు. గొట్టాన్ని గోడలోంచి తీయండి. మంటకు బయటి గాలి అందేలా కింద చిన్న కన్నం వదలండి. రేకుకీ గోడకీ మధ్య ఉన్న పెద్ద సందుల్ని మాత్రం పొయ్యి కొనేముందే మూయించండి.